కొత్త ఆలోచన ఎవరికి లాభం: మొదలుపెట్టినోడికా, పక్కనోడికా?

పాతూరు కిరాణా (అనంతపురం)

మొన్న మా ఊళ్ళో చిన్న వ్యాపారులకు శిక్షణ తరగతి అని పెట్టారు. కిరాణా కొట్లవాళ్ళు, ఫ్యాన్సీ షాపులవాళ్ళు, టిఫిన్ బండ్లవాళ్ళు, టైలర్లు అందరం పోయాం. వచ్చిన సారు మధ్యాహ్నం దాకా ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పాడు. మీరంతా ఒకే సరుకు ఒకే రేటుకు అమ్ముతున్నారు, అందుకే ఎదగట్లేదు, కొత్తగా ఆలోచిస్తే వ్యాపారం దానంతటదే పెరుగుతుంది అని. భోజనం మాత్రం బాగా పెట్టారు.

నాకు ఆ మాట మింగుడుపడలేదు. మా రోడ్డులోనే ఒకామె సాయంత్రం పూట జొన్నరొట్టెలు కాల్చి అమ్మేది. అందరిలా వేడి రొట్టెతో ఆగకుండా, పల్చగా తట్టి, కాలాక పొయ్యి పక్కన ఆరబెట్టి, పెళపెళలాడే ఎండు రొట్టెలు చేయడం మొదలుపెట్టింది. పది రొట్టెలు ఒక ప్యాకెట్, దాంతోపాటు చెనిక్కాయల పొడి చిన్న పొట్లం. బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలకు కట్టి పంపడానికి అంతకంటే మంచి తిండి ఏముంది? ఊరికే చెడిపోదు. మొదట్లో జనం ముందురోజే చెప్పిపెట్టుకునేవాళ్ళు. ఏడాది తిరక్కముందే అదే రోడ్డులో ఇంకో నలుగురు అవే ప్యాకెట్లు పెట్టారు. వాళ్ళలో ఒకాయన మిషన్ తెచ్చాడు. ప్యాకెట్ రేటు దాదాపు సగానికి పడింది. తట్టేది చేత్తో కాబట్టి ఆ రేటుకు ఆమెకు కూలి కూడా పడదు.

అందుకే అడుగుతున్నా. మనలాంటి చిన్నోళ్ళకు నిజంగా పనికొచ్చేది కొత్త ఆలోచనా, లేక పెట్టుబడి, చోటు, పరిచయాలా? వాదించుకోండి, తిట్టుకోవద్దు.

సీమ లెక్కలు (కర్నూలు)

డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను, కాబట్టి కాస్త పాఠంలా ఉంటే సర్దుకోండి.

అన్నా, మీ శిక్షణ సారు చెప్పింది ఉత్త మాట కాదు. కానీ సగమే చెప్పాడు. పశ్చిమ ఆఫ్రికాలో టోగో అనే చిన్న దేశం ఉంది. దాని రాజధాని లోమేలో 1500 మంది చిన్న వ్యాపారులను చీటీలు తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏ శిక్షణా లేదు. రెండో గుంపుకు మనకు తెలిసిన మామూలు శిక్షణ: జమాఖర్చులు, మార్కెటింగ్ వగైరా. మూడో గుంపుకు మాత్రం చొరవ నేర్పారు. పక్కవాడు చేయనిది ఏముందో వెతకడం, గిరాకీ వచ్చి అడిగేదాకా కూర్చోకుండా ముందే కదలడం, ఎదురుదెబ్బ తగిలితే ఏం చేయాలో ముందే ఆలోచించిపెట్టుకోవడం. ఆ తర్వాత రెండేళ్ళకు పైగా వెంటపడి లెక్కలు చూశారు. ఏ శిక్షణా లేనివాళ్ళతో పోలిస్తే చొరవ గుంపు లాభాలు 30 శాతం పెరిగాయి. జమాఖర్చుల గుంపుకు 11 శాతం, అది కూడా శిక్షణ వల్లే పెరిగిందని గట్టిగా చెప్పలేనంత. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఇది.

సారు చెప్పని సగం ఏమిటంటే, అది ఒక్క పూట ఉపన్యాసం కాదు. నాలుగు వారాల తరగతులు, ఆ తర్వాత కొన్ని నెలలపాటు శిక్షకుడు ఒక్కో కొట్టుకూ వచ్చి నేర్చుకున్నది ఎంతవరకు చేస్తున్నారో చూసి వెళ్ళేవాడు.

రాజు రోడ్డు బండి (అనంతపురం)

సార్, టోగో సంగతి నాకు తెలీదు. నా బండి సంగతి చెప్తా. పండ్ల బండి నాది. రోజు ఫైనాన్స్‌లో పదివేలు రాసుకుంటే చేతికి తొమ్మిదివేలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా పోయేది అనుకుంటారు. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నాం కాబట్టి సగటున నా చేతిలో ఉండేది నాలుగున్నర వేలే. లెక్క కట్టుకోండి, నెలకు నూటికి ఆరు రూపాయల పైనే పడుతుంది. వాన పడి బండి తీయకపోయినా సాయంత్రం ఆ కుర్రాడు బైకు మీద వచ్చి నిలబడతాడు.

ఇప్పుడు నేను కొత్తగా ఆలోచించి డ్రాగన్ ఫ్రూట్ తెచ్చాననుకోండి. రెండు రోజులు అమ్ముడుపోకపోతే నష్టం ఎవరిది? అరటిపండు తెస్తే సాయంత్రానికి వంద రూపాయల కట్టు గ్యారంటీ. నాకు ఆలోచన లేక కాదు సార్, తప్పు పోతే తట్టుకునే డబ్బు లేక.

సీమ లెక్కలు (కర్నూలు)

మీ మాటకు బలమిచ్చే లెక్క ఉంది. సునామీ తర్వాత శ్రీలంకలో చిన్న చిన్న వ్యాపారులకు 10,000 గానీ 20,000 గానీ అక్కడి రూపాయలు ఉచితంగా ఇచ్చి చూశారు. ఆ డబ్బు మీద నెలకు దాదాపు 5 శాతం రాబడి వచ్చింది. బ్యాంకు వడ్డీ కంటే చాలా ఎక్కువ. అంటే మీలాంటివాళ్ళకు పెట్టుబడి కరువే అసలు అడ్డంకి అనుకోవచ్చు.

కానీ మీ మాటను కొట్టేసేవి కూడా ఉన్నాయి. చెన్నై కోయంబేడు మార్కెట్లో కూరగాయలు, పండ్లు అమ్మేవాళ్ళు పొద్దున అప్పు తెచ్చి సాయంత్రం కట్టేస్తారు, రోజుకు నూటికి దాదాపు ఐదు రూపాయల వడ్డీ. పరిశోధకులు అలాంటివాళ్ళ బాకీ మొత్తం తీర్చేశారు. ఫిలిప్పీన్స్‌లోనూ అదే చేశారు. ఎక్కువమంది కొన్ని వారాల్లోనే మళ్ళీ అదే వడ్డీకి తెచ్చుకున్నారు.

హైదరాబాదు సంగతి మనకు దగ్గరిది. 2005 నుంచి 104 బస్తీలు తీసుకుని, సగం బస్తీల్లో ముందుగా మైక్రోఫైనాన్స్ అప్పులిచ్చారు. ఇంటి సామాన్లు కొన్నవాళ్ళు పెరిగారు, కొత్తగా కొట్టు పెట్టినవాళ్ళూ కొంచెం పెరిగారు, సగటు వ్యాపారి లాభం మాత్రం పెద్దగా కదల్లేదు. అప్పటికే బాగా నడుస్తున్నవాళ్ళకే ఎక్కువ కలిసొచ్చింది. వసూళ్ళ వేధింపులు శ్రుతిమించి 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చిన సంగతి ఇక్కడివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

రాజు రోడ్డు బండి (అనంతపురం)

బాకీ తీర్చి ఊరుకుంటే మళ్ళీ పడకుండా ఎట్లుంటారు సార్? పిల్లోడికి జ్వరం వస్తే ఆ రాత్రి పైసలిచ్చేది ఎవరు? బ్యాంకువాళ్ళా? 2020లో వీధి వ్యాపారులకని స్వనిధి అప్పు పదివేలు ఇచ్చారు, నేనూ తీసుకున్నా, మంచిదే. తీర్చినోళ్ళకు తర్వాత 20 వేలు, 50 వేలు కూడా ఇచ్చారు. కానీ అది పగటి పూట, కాగితాలతో వచ్చే డబ్బు. అర్ధరాత్రి రాదు.

కొలతల పుస్తకం (అనంతపురం)

సీమ లెక్కలు సార్, శ్రీలంక కథలో ఒక ముక్క వదిలేశారు. ఆ రాబడి మగవాళ్ళకు. ఆడవాళ్ళకిచ్చిన డబ్బు మీద సగటున రాబడే రాలేదు. ఎక్కడో చదివి మా ఆయనకు చూపిస్తే, ఆడవాళ్ళకు వ్యాపారం రాదనేగా అన్నాడు. అది కాదు. ఆ తర్వాత ఇండియా, ఘనా, శ్రీలంక లెక్కలు మళ్ళీ తీసి చూస్తే, ఆమెకిచ్చిన డబ్బు ఇంట్లో మొగుడి వ్యాపారంలోకి పోయినట్టు తేలింది. ఇంట్లో వ్యాపారం ఆమెదొక్కటే అయినచోట రాబడి మగవాళ్ళకు తీసిపోలేదు.

ఇక అసలు ప్రశ్న. నేను బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేయిస్తాను. చీర కుచ్చిళ్ళు ముందే మడిచి, ఇస్త్రీ చేసి, బాక్సులో పెట్టిచ్చే పని మా ఏరియాలో మొదట తెచ్చింది నేనే. ఒక్క పెళ్ళిళ్ళ సీజన్ బాగా నడిచింది. తర్వాత యూట్యూబ్ చూసి ప్రతి వీధిలో ఒకరు మొదలుపెట్టారు. ఇప్పుడు అందులో మిగిలేది ఇస్త్రీ కరెంటుకు సరిపోతుంది.

అయినా నా షాపు ఎందుకు నడుస్తుందంటే ఒక లాంగ్ నోట్‌బుక్ వల్ల. పేజీకి ఒక మనిషి. భుజం, చెస్ట్, ఆర్మ్‌హోల్, ముందు మెడ, వెనక మెడ, చేతి పొడవు. పక్కన ఎర్ర పెన్నుతో నా గుర్తులు: కుడి భుజం అర అంగుళం దిగింది, చంక దగ్గర లూజు కావాలంటుంది, డోరీలు వద్దు, అత్త ముందు వేసుకోవాలి కాబట్టి వెనక మెడ పైకి. ఆ అమ్మాయిలు పెళ్ళిళ్ళయి బెంగళూరు, హైదరాబాదు పోయారు. గుడ్డ మాత్రం కొరియర్లో నాకే వస్తుంది. కొత్త డిజైన్ రోడ్డు మీదికి కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా చేస్తారు. ఈ పుస్తకం కనిపించదు. సార్లు దీన్ని ఇన్నోవేషన్ అంటారో లేదో తెలీదు.

పాతూరు కిరాణా (అనంతపురం)

అక్కా, ఇది మంచి పాయింటు. కానీ ఆ పుస్తకం నిండడానికి ఏళ్ళు పట్టి ఉంటుంది కదా. అన్నేళ్ళు ఇల్లు ఎట్లా గడిచింది?

కొలతల పుస్తకం (అనంతపురం)

ఆయనకు నెలజీతం ఉంది కాబట్టి గడిచింది. ఒప్పుకుంటా.

గుంటమగ్గం (ధర్మవరం)

కాపీ గురించి మాకంటే బాగా ఎవరు చెప్తారు. కొత్త అంచు, కొత్త బుట్టా వేసి ఒక పట్టు చీర మగ్గం దించేలోపు దాని ఫోటో ఎవరి వాట్సాప్‌లోనో ఉంటుంది. చీర షాపుకు చేరేలోపు అదే డిజైన్ పవర్‌లూమ్ మీద వచ్చేస్తుంది. చేనేతకు కొన్ని రకాలు ప్రత్యేకించి 1985లో పార్లమెంటు చట్టమే చేసింది, ధర్మవరం పట్టు చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చట్టం కాగితం మీద ఉంది, పవర్‌లూమ్ చీర షోకేసులో ఉంది. ఈ చట్టాలు మమ్మల్నే కాపాడలేనప్పుడు రొట్టెల ఆమెను ఎవరు కాపాడతారు?

ప్రొద్దుటూరు హోల్‌సేల్ (కడప జిల్లా)

అందరూ ఏదో పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు. వ్యాపారం అంటే కొనేకాడ కొనాలి, సరుకు తిప్పాలి, అరువు వసూలు చేయాలి. అంతే. నా దగ్గర సరుకెత్తే చిల్లర కొట్లలో మూతపడినవి ఐడియా లేక పడలేదు. అరువు ఖాతాలు ఉబ్బి పడ్డాయి. దసరాకు వచ్చిన సరుకు సంక్రాంతి దాకా అల్మారాలో కూర్చుంటే డబ్బు కూర్చున్నట్టే. కొత్తదనం అనేది పిల్లోళ్ళు చెప్పుకునే ముచ్చట.

ఏడు రోడ్లు (కడప)

పెద్దాయనా, మీరు చెప్పేదే కొత్తదనం! పాతికేళ్ళుగా చేయనివాడు రేపట్నుంచి ఖాతా రాస్తే వాడికి అది కొత్తే.

ఎంబీయే చేసి ఇప్పుడు మా నాయన కొట్టు చూసుకుంటున్నా. కెన్యాలో ఒక చిన్న పరిశోధన జరిగింది, నాకు భలే నచ్చింది. చిల్లర లేక ఎన్ని బేరాలు పోతున్నాయి, చిల్లర కోసం పక్క కొట్లకు ఎన్నిసార్లు తిరుగుతున్నారు అని కొట్లవాళ్ళను వారం వారం అడిగారు. ఏ శిక్షణా లేదు, డబ్బూ ఇవ్వలేదు. అలా అడగడంతోనే వాళ్ళు చిల్లర ఎక్కువ ఉంచుకోవడం మొదలుపెట్టారు, పోయే బేరాలు తగ్గాయి. మన దగ్గర చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టిన రోజులు మర్చిపోయారా? ఆ తలనొప్పి యూపీఐ వచ్చాక చాలావరకు పోయింది. చాక్లెట్ కంపెనీలకు తప్ప ఎవరికీ బాధ లేదు.

ఇంకోటి. కాపీ అంటే అందరూ ఏడుస్తున్నారు. ఇండోనేషియాలో జకార్తాలో వెయ్యికి పైగా చిన్న కొట్లు తీసుకుని, అదే ఊళ్ళో బాగా నడిచే కొట్లవాళ్ళు ఏం చేస్తున్నారో పుస్తకం వేసి పంచారు. ఉత్త పుస్తకమిస్తే ఏమీ మారలేదు. పుస్తకంతోపాటు ఆ కొట్లవాళ్ళే మాట్లాడిన సినిమా చూపించి, మనిషి కొట్టుకొచ్చి చేసి చూపించినచోట లాభాలు 35 శాతం దాకా పెరిగాయి. అంటే కాపీ కొట్టించడమే అక్కడ మందు! రొట్టెల ఆమెకు నష్టమే, కాదనను. కానీ ఆ నలుగురు ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది కదా, అది లెక్కలోకి రాదా?

మోడరేటర్

ఫలానా కులానికి వ్యాపారం రక్తంలోనే ఉంటుందంటూ పెట్టిన వ్యాఖ్యలు, వాటికి వచ్చిన జవాబులు తీసేశాం. బంధువుల్లో అప్పు పుట్టడం, హోల్‌సేల్‌లో మాట చెల్లడం గురించి రాయాలంటే కులం పేర్లతో తిట్టుకోకుండా రాయొచ్చు.

సీమ లెక్కలు (కర్నూలు)

తమ్ముడూ, నలుగురి పొయ్యి వెలిగింది అన్నావు. గుంటూరు లెక్క చూడు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో 2007లో రాసిన వ్యాసంలో గుంటూరు మురికివాడ ఒకటి వస్తుంది. పొద్దున తొమ్మిదింటికి ఆ రోడ్డులో నడిస్తే ఆరిళ్ళకు ఒక ఇంటి ముందు ఒకామె పెనం పెట్టుకుని దోశలు పోస్తోంది. అందరిదీ అదే దోశ, అదే రూపాయి. ఒక్కొక్కరికీ వచ్చే గిరాకీ కొద్దిగా, మధ్యలో ఖాళీ. అందరూ అదే ఎందుకు చేస్తారంటే అందులో దిగడానికి పెద్దగా పెట్టుబడి అక్కర్లేదు, వచ్చిన పనే, ఇంటి ముందే. మీ రొట్టెల రోడ్డు ఇంకో రెండేళ్ళకు అలాగే అవుతుందేమో అని నా భయం. జకార్తాలో నేర్పింది సరుకు కాపీ కాదు, నడిపే పద్ధతి కాపీ. ఈ రెండూ ఒకటి కాదు.

ప్రొద్దుటూరు హోల్‌సేల్ (కడప జిల్లా)

ఇది నేను ఒప్పుకుంటా. ఖాతా రాసే పద్ధతి పక్కోడు నేర్చుకుంటే నాకేం నష్టం లేదు, నా బాకీ తొందరగా వస్తుంది.

రాజు రోడ్డు బండి (అనంతపురం)

యూపీఐ అని పొగిడారు. 2025 జూలైలో బెంగళూరులో ఏమైందో చూశారుగా. యూపీఐలో వచ్చిన మొత్తం చూసి చిన్న కొట్లవాళ్ళకు జీఎస్టీ నోటీసులు పంపారు. సరుకు అమ్మేవాళ్ళకు ఏడాదికి 40 లక్షలు దాటితే, సేవలకైతే 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ అని. కొంతమంది స్కానర్ తీసేసి క్యాష్ మాత్రమే అని బోర్డు పెట్టారు. తర్వాత ప్రభుత్వం పాత బకాయిల జోలికి పోమని చెప్పింది, అది వేరే. ఆ వారం మా రోడ్డులో కూడా ఇద్దరు ముగ్గురు స్కానర్ బోర్లించారు. కొత్తదానికి అలవాటు పడ్డాక దానితోనే టెన్షన్ వస్తే రెండోసారి ఎవడు కొత్తది పట్టుకుంటాడు?

ఏడు రోడ్లు (కడప)

అన్నా, నీ పండ్ల బండికి 40 లక్షలు వస్తే పార్టీ ఇవ్వు. తాజా పండ్లకు జీఎస్టీయే లేదు.

రాజు రోడ్డు బండి (అనంతపురం)

ఆ సంగతి నోటీసు వచ్చినోడికి ముందే ఎవరు చెప్పారు తమ్ముడూ? బెంగళూరులో కూరగాయలు అమ్మేవాళ్ళు కూడా భయపడ్డారు. భయం చట్టం చదివి రాదు.

కొలతల పుస్తకం (అనంతపురం)

పాతూరు అన్నా, ఆ రొట్టెల ఆమె దగ్గర కొన్నవాళ్ళ ఫోన్ నంబర్లు ఉన్నాయా? ఎవరి కొడుకు బెంగళూరులో ఏ ఏరియాలో ఉంటాడో రాసుకుని, నెలకోసారి తనే ఫోన్ చేసి ప్యాకెట్లు కావాలా అని అడిగితే మిషన్ ఆయన ఏం చేస్తాడు? ఆయన రొట్టె అన్ని కొట్లకూ పోతుంది, ఎవరు తింటున్నారో ఆయనకు తెలీదు. చేత్తో తట్టిందానికి రుచి వేరని తెలిసినవాళ్ళు పది రూపాయలు ఎక్కువైనా ఇస్తారు, నా దగ్గరికి గుడ్డ పంపేవాళ్ళు కొరియర్ ఖర్చు పెట్టుకోవట్లేదా?

పాతూరు కిరాణా (అనంతపురం)

నిన్న సాయంత్రం వెళ్ళి అడిగానక్కా. నంబర్లు లేవు. ఫోన్ ఉంది కానీ పగలు కొడుకు పట్టుకుపోతాడు. పిండి విసిరించుకొచ్చి, మధ్యాహ్నం నుంచి తట్టి, రాత్రి ప్యాకెట్లు కట్టేసరికి పదిన్నర. ఇంకా అడిగితే ఆమె కూడా రాజు రోడ్డు అన్న చెప్పిన వంద రోజుల కట్టులోనే ఉంది. ఎక్కువ రొట్టెలు చేయడానికి పిండి ఒకేసారి కొనాలని తీసుకుందట. ఆమెకు ఏం చేయాలో తెలీక కాదు. నంబర్లు రాసుకోమని చెప్తే, నా కొట్లో కౌంటర్ మీద పెడితే నువ్వు రాస్తావా అన్నా అంది. సరే అన్నాను. ఇప్పుడు ఆమె ప్యాకెట్లు నా దగ్గర, కొన్నవాళ్ళ పేరూ నంబరూ నా పుస్తకంలో.

ప్రొద్దుటూరు హోల్‌సేల్ (కడప జిల్లా)

అంటే గిరాకీ నీ చేతికి వచ్చింది, రొట్టెలు ఆమె చేతిలో ఉన్నాయి. కమీషన్ ఎంత?

పాతూరు కిరాణా (అనంతపురం)

ప్యాకెట్‌కు మూడు రూపాయలు. నంబర్ల పేజీలు నెల నెలా ఫోటో తీసి ఆమె కొడుకు ఫోన్‌కు పంపాలని ఆమే షరతు పెట్టింది. నన్ను నమ్మనట్టే, అందులో తప్పులేదు.

వచ్చే నెల అదే శిక్షణవాళ్ళు రెండో తరగతి అంటున్నారు. పోతాను. టోగోలో లాగా తరగతి అయ్యాక మా కొట్లకు వచ్చి చూస్తారా అని ముందే అడుగుతాను.

రాజు రోడ్డు బండి (అనంతపురం)

అడుగు అన్నా. వస్తే పొద్దున రావొద్దను, సాయంత్రం ఏడింటికి రమ్మను. ఫైనాన్స్ కుర్రాడు వచ్చే టైం అదే. ఆయన ముందర నిలబెట్టి కొత్తగా ఆలోచించడం ఎట్లో నాకూ చెప్పమను, నేర్చుకుంటా.